మీ బుష్ ఆరోగ్యం 38 శాతం

మీ కారుకి పదేళ్లు దాటాయా? అయితే దానికీ హెల్త్ కార్డు వచ్చేసే ఉంటుంది. మా అపార్ట్‌మెంటు సెల్లారులో పదేళ్లు దాటిన బండి ఒక్కటీ తప్పించుకోలేదు. ఆదివారం పొద్దున్నే గేటు దగ్గర సస్పెన్షన్ చెకప్ శిబిరమని ఫ్లెక్సీ కట్టారు, గొడుగు పాతారు, టాబ్లెట్లు పట్టుకున్న కుర్రాళ్లు బండి బండికీ వంగి చూశారు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి అందరి వాట్సాప్‌లోనూ పీడీఎఫ్‌లు దిగాయి. పైన ఓనరు పేరు, కింద బండి నంబరు, మధ్యలో ఎర్రటి గుండె బొమ్మ. గుండెకి అడ్డంగా ఈసీజీ గీత. సస్పెన్షన్‌కి గుండె ఎక్కడుంటుందో నాకు తెలీదు గానీ, ఆ గీత చూసిన మూడో అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టారికి మాత్రం అసలు గుండె కాస్త తడబడింది.

ఈ సేవాభావానికి ముహూర్తం ఎప్పుడు కుదిరిందో ఊహించడం కష్టమేం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ ఒకటే 18 శాతం అయింది. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. ఆ పది శాతం మన జేబులోనే ఉండిపోతే ఎంత ప్రమాదం! అందుకని, ‘జీఎస్టీ తగ్గింది సార్, మార్పించుకోడానికి ఇదే టైము’ అంటున్నారు. చప్పుడు చెయ్యని బండి ఓనరుతో కూడా ఇదే మాట. ధర తగ్గింది కాబట్టి రోగం పెరిగిందన్నమాట.

పాత బండి ఓనర్లు అసలే బెదిరిపోయి ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 10,000 రూపాయలు చేసింది. ఢిల్లీలో జూలై 1 నుంచి పదేళ్ల డీజిలు బండికీ, పదిహేనేళ్ల పెట్రోలు బండికీ బంకులో చుక్క పోయొద్దన్నారు, జనం గోలపెట్టేసరికి కొద్దిరోజుల్లోనే వాయిదా వేశారు. వాయిదా పడినా భయం మాత్రం ఇక్కడిదాకా ప్రయాణం చేసింది. బెదిరినవాడి చేతికి ఎర్ర రంగు పీడీఎఫ్ ఇస్తే ఏం చేస్తాడు? సంతకం పెడతాడు.

సరే, కార్డులోకి వద్దాం. మా బండి 2009 మోడలు. ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ ఆరోగ్యం 38 శాతం. కుడి లోయర్ ఆర్మ్ బుష్ 41 శాతం. లింక్ రాడ్లు 29. స్ట్రట్ మౌంట్లు 33. నేను ఎడమ బుష్‌కీ కుడి బుష్‌కీ మధ్య ఉన్న ఆ మూడు శాతం దగ్గరే ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

దేంతో కొలిచారు? టైరుకి గాడి లోతుంది, 1.6 మిల్లీమీటర్లకి దిగితే పని అయిపోయినట్టే, కొలవొచ్చు. బ్రేకు ప్యాడుకి మందం ఉంది. బ్యాటరీకి వోల్టులున్నాయి. బుష్ అనేది ఇనప గొట్టానికీ ఆర్మ్‌కీ మధ్య ఇరికించిన రబ్బరు. అది పగిలిందా, ఇనుముకి పట్టు వదిలిందా అని చూస్తాం. లింక్ రాడ్ చివర చిన్న గుండు ఒకటి గిన్నెలో తిరుగుతూ ఉంటుంది. అది లూజైందా లేదా అన్నదే ప్రశ్న. 71 శాతం లూజు, 29 శాతం బిగువు అనే స్థితి ప్రపంచంలో ఏ పానాకీ అందదు.

గొడుగు కింద కుర్రాణ్ణే అడిగాను.

‘ఇది సిస్టం ఇస్తుంది సార్.’

‘సిస్టంకి ఎవరు చెప్పారు బాబూ?’

‘మేం కండిషన్ సెలెక్ట్ చేస్తాం సార్. గుడ్, యావరేజ్, బ్యాడ్ అని. పర్సెంటేజి అదే వేసుకుంటుంది.’

‘నా బుష్‌లు రెండిటికీ ఏం సెలెక్ట్ చేశావు?’

‘రెండూ యావరేజే సార్.’

‘మరి ఒకదానికి 38, ఇంకోదానికి 41 ఎలా వచ్చాయి?’

ఆ పిల్లాడు అబద్ధం నేర్చుకునే వయసులో ఇంకా లేడు. ‘రెండూ ఒకటే నంబరు వస్తే కస్టమర్లు నమ్మరు కదా సార్’ అన్నాడు.

నిజమే. గుండు సున్నాని ఎవరూ నమ్మరు. 40 అంటే అంచనా అనుకుంటాం, 38 అంటే శాస్త్రం అనుకుంటాం. 38.4 అని పెట్టకపోవడం వాళ్ల మొహమాటం.

హెడ్మాస్టారి కార్డు ఇంకా ముచ్చటైంది. ఆయనది మారుతి 800. ఆ కారు తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా ఆయన దానికి రోజూ గుడ్డ పెట్టి తుడుస్తాడు. ఆయన కార్డులో ‘లింక్ రాడ్లు: 24 శాతం, వెంటనే మార్చాలి’ అని ఎర్రక్షరాల్లో ఉంది. మారుతి 800లో స్టెబిలైజర్ బార్ కొసలు నేరుగా కింది ఆర్మ్‌లోకే దిగుతాయి. విడిగా లింక్ రాడ్డనేదే ఆ బండిలో లేదు. లేని భాగానికి 24 శాతం ఆరోగ్యం! పూర్తిగా పోలేదు, ఇంకా కొంచెం కొనవూపిరి ఉంది. ‘మార్పించేయమంటారా?’ అని ఆయన నన్నడిగాడు. ముందు కొత్తగా పెట్టించండి, తర్వాత మారుద్దాం అన్నాను. ఆయన నవ్వలేదు. డబ్బులు డ్రా చేసి ఉంచుకున్నాడట.

దీనికి తోడు వీడియో. బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య మూరెడు ఇనప కడ్డీ దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజుతూ, ‘చూడండి సార్, ప్లే ఎంతుందో’ అంటాడు ఒకడు. ఇంకొకడు తీస్తాడు. కడ్డీ పెట్టి గుంజితే రబ్బరు కదలకుండా ఎట్లా ఉంటుంది? కదలడానికే కదా అక్కడ రబ్బరు పెట్టింది. షోరూం నుంచి ఇవాళ పొద్దున దిగిన బండికి అదే కడ్డీ పెట్టి గుంజినా అదే వీడియో వస్తుంది. చూడాల్సింది రబ్బరు నొక్కుకుందా, లేక ఇనుము ఇనుముని తాకిందా, చిరుగు తెరుచుకుందా అన్నది. ఆ కోణంలో ఫోను పెట్టరు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. ఎస్టిమేటు పేజీకి వచ్చాక నవ్వు పోయింది. స్ట్రట్లు రెండు, మౌంట్లు రెండు, లోయర్ ఆర్ములు రెండు, లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు, బుష్‌ల సెట్టు, లేబరు అంతా కలిపి 35,000. జీఎస్టీ 6,300. వెరసి 41,300. మా బండిలో ఉన్న కంప్లయింటు ఒక్కటే. ఎడమపక్క, నెమ్మదిగా వెళ్లేటప్పుడు, చిన్న గుంతల్లో, టకటక. ఈ మాట నేను కుర్రాడికి చెప్పాను. అతను టాబ్లెట్‌లో ‘సస్పెన్షన్ నాయిస్: ఎస్’ అని టిక్కు పెట్టాడు. ఎడమా పోయింది, నెమ్మదీ పోయింది, చిన్న గుంతా పోయింది. రోగం పట్టుకోడానికి పనికొచ్చే మూడు ఆనవాళ్లూ ఆ ఒక్క టిక్కులో కొట్టుకుపోయాయి. పప్పులో ఉప్పు తక్కువైందంటే వంటిల్లు పడగొట్టి కట్టిద్దాం అనేవాణ్ణి మేస్త్రీ అనరు, కాంట్రాక్టరు అంటారు.

అన్నిటికంటే ఒళ్లు మండే సంగతి, ఆ చప్పుడు ఎవడూ వినలేదు. బండి సెల్లారు దాటలేదు. రోడ్డు మీద నడిస్తేనే వచ్చే చప్పుడుని, చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు కొందరు, పార్కింగులో నిలబడ్డప్పుడు కొందరు పరీక్షించారు. లిఫ్ట్ మీద చూడాల్సినవి లేవని కాదు. ఆయిలు కారిన స్ట్రట్టు, చిరిగిన రబ్బరు బూటు, ఊగే బాల్ జాయింటు అక్కడే దొరుకుతాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింటో బేరింగో చెబుతుంది, అటూ ఇటూ పట్టుకుని ఊపితే టై రాడ్ చెబుతుంది. కానీ చప్పుడు రోడ్డు మీదుంది. దాన్ని అక్కడికెళ్లే వినాలి.

ముషీరాబాద్ సందులో మాకొక ఉస్తాద్ ఉన్నాడు. బోర్డు లేదు, పీడీఎఫ్ లేదు. ఆయన బండి చూడగానే బానెట్ ఎత్తలేదు, కిందికి దూరలేదు, వెనక సీట్లో కూర్చున్నాడు. ‘ఫస్టు ఏసీ బంద్ చెయ్యుండ్రి సార్. ఎఫ్‌ఎం గూడ. అద్దాలన్నీ దించుండ్రి. గోడ పక్కపొంటి పోనియ్యుండ్రి’ అన్నాడు. గోడ పక్కన నడిపితే కింది చప్పుడు గోడకి తగిలి చెవిలోకి వస్తుంది. ఆ కిటుకుకి ఖర్చు సున్నా.

దారిలో డిక్కీ తీయించి స్టెప్నీ, జాకీ, జాకీ రాడ్డు, మా ఆవిడ మర్చిపోయిన కొబ్బరికాయల సంచీ అన్నీ రోడ్డు పక్క దింపించాడు. ‘సగం సస్పెన్షన్ కేసులు గీ జాకీలే’ అన్నాడు. మా కేసు జాకీ కాదు. టకటక అలాగే ఉంది.

తర్వాత ఒక స్పీడ్ బ్రేకరు దగ్గర ఆపించి, ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేట్టు నిటారుగా పోనిమ్మన్నాడు. చప్పుడు లేదు. వెనక్కి తీయించి, ఈసారి ఎడమ చక్రం ఒక్కటే ఎక్కేట్టు ఓరగా పోనిమ్మన్నాడు. టకటక. అంతే, ‘లింక్ రాడ్’ అనేశాడు. మంత్రమేం లేదు ఇందులో. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడదు, మొత్తం ఒక్కటిగా లేస్తుంది. ఒక చక్రమే లేస్తే బార్ మెలిపడుతుంది, ఆ బరువంతా లింక్ రాడ్ కొసల మీద పడుతుంది, లూజైన గుండు గిన్నెలో కొట్టుకుంటుంది. ఈ పరీక్షకి కావలసిన యంత్రం మన కాలనీల్లో ప్రతి వంద గజాలకీ ఒకటి ఉంది.

అయినా ఆయన తొందరపడలేదు. గుంతల్లో పోతూ బ్రేకు పెడల్ మీద లైటుగా కాలు ఆనించమన్నాడు. కాలు ఆనిస్తే చప్పుడు ఆగిపోతే అది బ్రేకు ప్యాడో, క్యాలిపర్ పిన్నో, సస్పెన్షన్ కాదు. ఆగలేదు. బండి నిలిపి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పమని, తన హెల్పరు చోటూ చేత స్ప్రింగు మీద చెయ్యి పెట్టించాడు. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఉన్న తంటా ఇది. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ కాన్సుల్‌కి పెట్టినప్పటి నుంచీ ఇవాళ్టి మన చిన్న కార్లదాకా ముందు చక్రం తిరిగితే స్ప్రింగు కూడా దానితోపాటు తిరగాలి. పైన మౌంటులో బేరింగు పట్టేస్తే స్ప్రింగు మెలిపడి మెలిపడి ఒక్కసారి టంగుమని విడిపోతుంది, చేతికి జర్కు తగులుతుంది. చోటూ తల అడ్డంగా ఊపాడు. నా మౌంట్లు బాగానే ఉన్నాయి. కార్డు ప్రకారం వాటి ఆరోగ్యం 33 శాతం.

లింక్ రాడ్ల జత, ఆయన కూలీ కలిపి, ఎస్టిమేటులోని ఒక్క జీఎస్టీ పద్దులో సగం కూడా కాలేదు. టకటక పోయింది.

ఇక అసలు నేరం గురించి. మీరు 41,300 కట్టి కొత్త ఆర్ములు వేయించుకున్నారనుకోండి. బండి లిఫ్ట్ మీదుంటుంది, చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. కుర్రాడు కొత్త ఆర్మ్ పెట్టి, అక్కడే, ఆ వేలాడే స్థితిలోనే, బోల్టు గన్నుతో బర్రున బిగించేస్తాడు. బోల్టు బిగిశాక బుష్ మధ్యలోని ఇనప గొట్టం ఫ్రేముకి అతుక్కుపోయినట్టే. తర్వాత బండి నేల మీదికి దిగుతుంది, ఆర్మ్ పైకి లేస్తుంది, మధ్యలో రబ్బరు మెలిపడుతుంది. బండి ఊరికే నిలబడి ఉన్నా, రాత్రంతా మీరు నిద్రపోతున్నా, అది మెలిపడే ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు ఇంకా మెలిపడుతుంది. కొన్నాళ్లకి చిరుగుతుంది. పద్ధతి చాలా చిన్నది. బోల్టులు లూజుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, నిలబడే ఎత్తులో ఉన్నప్పుడు చివరి బిగింపు బిగించాలి. కారు కంపెనీల సర్వీసు మాన్యువళ్లలో ఉండే మాటే. ఐదు నిమిషాల పని. అది చెయ్యరు. బుష్ చిరిగి చప్పుడు తిరిగొస్తే, ‘రోడ్లు బాలేవు సార్’ అంటారు. కంపెనీ సామాను కాకుండా డూప్లికేటు వేయించుకున్నారా అని మనల్నే అనుమానంగా చూస్తారు. మళ్లీ కార్డు, మళ్లీ శాతాలు. తమ చేతులతో చింపిన రబ్బరుకి తామే ఆరోగ్యం లెక్కగట్టి, దాన్ని మార్చడానికి మళ్లీ డబ్బు అడగడాన్ని సర్వీసు అంటున్నాం. వేరే వ్యాపారంలో అయితే దీనికి సెక్షను ఉంటుంది.

కీచుమని అరిచే బుష్‌కి పాత ఇంజనాయిలు పోసేవాళ్లది ఇంకో మతం. వారం చప్పుడుండదు. ఆయిలు తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడి త్వరగా పోతుంది. ఒక స్ప్రే బాటిలులో మంచినీళ్లు పోసి ఒక్కో బుష్ మీదా కొట్టి చూడండి, ఏది తడిసినప్పుడు కీచు ఆగిందో అదే దొంగ. నీళ్లని బిల్లులో వెయ్యలేం కాబట్టి ఈ పరీక్ష ఎవరూ చెయ్యరు.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్ల గురించి ఒక్క మాట. అవి చప్పుడు ఆపవు, స్ప్రింగుని గట్టిపరుస్తాయి. అయినా యాక్సెసరీ షాపుల్లో వేలాడదీసి మరీ అమ్ముతారు, మనం కొంటాం.

రోడ్లనీ వదలను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, మీద గుండ్రంగా. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటొచ్చు. మన కాలనీ సంఘాలు పోయించే కాంక్రీటు గట్టుకి వెడల్పు చీపురుకట్టంత, ఎత్తు సంఘం అధ్యక్షుడికి ఆ రోజున్న కోపమంత. దాని మీద ఏ బుష్ ఎన్నాళ్లు బతుకుతుంది?

కోపమంతా గ్యారేజీల మీదే వెళ్లగక్కితే అన్యాయం. ఉస్తాద్ వెనక సీట్లో కూర్చుని చెవి పెట్టి విన్నాడే, ఆ పనికి మన బిల్లుల్లో వరసే లేదు. చప్పుడెక్కడిదో కనిపెట్టినందుకు మూడొందలు ఇవ్వమంటే, ‘ఊరికే చూసినందుకు కూడా డబ్బులా?’ అంటాం. అదే మనిషి తెలిసీ తెలియక ముప్పైవేల సామాను విప్పి కింద పెడితే కిక్కురుమనకుండా కడతాం, కొత్త సామాను కళ్లకి కనిపిస్తోంది కాబట్టి. వినడానికి కూలీ లేనిచోట వినేవాడు ఎన్నాళ్లుంటాడు? ఉస్తాద్ కొడుకు ఇప్పుడు పెద్ద సర్వీసు సెంటర్లో పనిచేస్తున్నాడు. అతని జీతంలో ఇన్సెంటివ్ భాగం అమ్మిన సామాను మీద లెక్క. చప్పుడు పట్టుకున్న దాని మీద కాదు. ‘మా పోరడికి చెవులు నాకన్నా మంచిగున్నయ్ సార్, ఏం ఫాయిదా’ అని ఉస్తాద్ లింక్ రాడ్ నట్టు బిగిస్తూ అన్నాడు.

కొత్తగా ఇప్పుడు ఫోనుని డాష్‌బోర్డు మీద పెడితే చప్పుడు విని జబ్బు చెప్పే ఏఐ వస్తోందట, శిబిరం కుర్రాడు గర్వంగా చెప్పాడు. రానివ్వండి. కానీ అదీ సెల్లారులోనే వింటుందని నా అనుమానం.

ఈలోగా మీరు శిబిరానికే వెళ్లదలుచుకుంటే వెళ్లండి. పని మొదలయ్యే ముందు జాబ్ కార్డు మీద ‘విప్పిన పాత సామాను మొత్తం ఓనరుకి తిరిగి ఇవ్వాలి’ అని మీ చేత్తో మీరే రాసి సంతకం పెట్టించండి. ఎదురింటాయన అలా రాయించాడు. మర్నాడు ఫోనొచ్చింది. మళ్లీ ఒకసారి చెక్ చేశామనీ, స్ట్రట్లు రెండూ ఇంకో రెండేళ్లు వస్తాయనీ, మౌంట్లు కూడా ఇప్పట్లో అక్కర్లేదనీ చెప్పారు.